నేల ఒప్పుకునే దాకా

వైశాఖ అమావాస్య

ఈ రోజు కూడా పీత రాలేదు. చాలా సంతోషం.

నా పేరు ఓలేటి నూకరత్నం. మొగలిపేట మడ అడవికి కావలిదారుని. అడవి అంటున్నాను గానీ, ముందువైపు నాలుగు వరసల తెల్లమడ, వెనకంతా ఉప్పు పేరుకున్న బురద. కావలి డైరీని కావలిదారు కొలువు దిగేదాకా ఎవరూ తెరవకూడదని ఈ తీరాన్ని పాలించే తీరసభ రూలు పెట్టింది. మంచి రూలు. లేకపోతే పై మాట రాసే ధైర్యం నాకుండేది కాదు. పీత వస్తే పండగ చేసుకోవలసిన కొలువులో ఉండి, రాలేదని పండగ చేసుకుంటున్నాను.

పొద్దున్నే మొదటి పని ముక్కులు తుడవడం. బురదలో నిలువునా పాతిన గొట్టాలవి. సభవాళ్లు వాటికేదో బారెడు పేరు పెట్టారు. బురద వాసన చూసి అది బతికుందో చచ్చిందో చెబుతాయి కాబట్టి మేం ముక్కులంటాం. వాసన చూడటమే కాదు, వింటాయి కూడా. పీత కన్నం తవ్వితే ఆ గీకుడు వినేస్తాయి. పీత తవ్విన చోట బురదకి గాలి ఆడుతుంది, గాలి ఆడిన చోట మడ వేరు దిగుతుంది. మడకంతా పీతలు వచ్చి, ఒక అమావాస్య పోటునీ ఒక పౌర్ణమి పోటునీ తట్టుకుని నిలిస్తే ముక్కుల తలలన్నీ పచ్చగా వెలుగుతాయి. దాన్నే నేల ఒప్పుకుందంటారు.

నేల ఒప్పుకున్న రోజు చక్రధరరావుకి విడుదల. అందుకని నాకు పీతలంటే పడదు.

ఒకప్పుడు ఇక్కడ మడ మనిషి దూరలేనంత దట్టంగా ఉండేది. యంత్రాలు పెట్టి నరికించి, రొయ్యల చెరువులు తవ్వించింది ఈ చక్రధరరావే. ఇప్పుడు నేలశిక్షలో ఉన్నాడు. నేలని చంపినవాడు తన చేతులతో తనే బతికించాలి. దానికి ఇన్నేళ్లని గడువుండదు. నేల ఒప్పుకునే దాకా అక్కడే మంచె మీద పడుకోవాలి, బురదలో దిగాలి, కావలిదారు చెప్పిన పని చెయ్యాలి.

"ఇవాళేం పనండీ?" అన్నాడు పొద్దున.

"నడికాలువ పూడిక తియ్యి."

"నిన్ననే తీశానండీ."

"అయితే మళ్లీ తియ్యి."

పార భుజాన వేసుకుని వెళ్లాడు. నా మొగుడు అప్పన్న ఈయన చెరువుల మీద మేత బస్తాలు మోసేవాడు. ఈయన కారు వస్తే తలపాగా తీసి చంకలో పెట్టుకునేవాడు. ఇప్పుడు ఈయన రోజూ నాకు టీ పెట్టి ఇస్తాడు. చక్కెర ఎక్కువైందని నేను రోజూ ఆయన ముందే పారబోస్తాను. నిజానికి టీ బాగానే ఉంటుంది.


జ్యేష్ఠ పౌర్ణమి

ఉప్పుపొన్న మడచెట్ల కాయలు దింపే రోజులు. మునక్కాడల్లా వేలాడతాయి. చెట్టు మీదే మొలకెత్తి ఉంటాయి కాబట్టి బురదలో గుచ్చితే చాలు. పొద్దుటి నుంచీ చక్రధరం వాటిని గుచ్చుతూ ఉన్నాడు. నేను గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుని, వంకరగా గుచ్చావని తిడుతూ ఉన్నాను.

గుచ్చినవి బతకవని నాకు తెలుసు. మడకి కాలువల్ని చేపముల్లులా తవ్వుతాం. మధ్యలో వెన్నెముకలా నడికాలువ, దాని రెండు పక్కలా ఎముకల్లా పిల్లకాలువలు. పోటుకి సముద్రం నడికాలువలోకి వచ్చి, పిల్లకాలువల్లోకి చీలి, నేలంతా తడిపి, ఆటుకి ఉప్పుని కడుక్కుని వెళ్లిపోతుంది. పిల్లకాలువ నోరు మూస్తే ఆ వెనక నేల ఉడికిపోతుంది. ఉప్పు తేలి తెల్లగా మెరుస్తుంది. మొక్కా ఉండదు, పీతా రాదు.

ఆ నోళ్లు మూసేది నేనే. పెద్ద పోటు ముందు రోజు చక్రధరాన్ని సముద్రం వైపు కంచె పనికి తోలేసి, వెనక పిల్లకాలువల నోళ్లలో బంకమట్టి ముద్దలు తొక్కుతాను. ముందు వరసల జోలికి పోను. కావలిదారుని కదా, మరీ చేతగానిదాన్ని అనిపించుకోకూడదు. సభకి మాత్రం పోటుకి పూడిపోయిందని చెబుతాను. సముద్రం మీద నేరం మోపితే అది వచ్చి కాదని చెప్పదు.

సాయంత్రం మా వదిన కొండమ్మ చేపల పులుసు పట్టుకొచ్చింది. మా అన్న పెళ్లాం. మడకి సరిగ్గా వెనక, పేటలో మొదటి ఇల్లు ఆవిడదే. మడ లేచి నిలబడితే ముందు కాచేది ఆ ఇంటినే.

"ఏటే రత్తం, ఏళ్లు గడిసిపోతన్నాయి. ఆ ఎనకమాల ఒక్క మొక్కా లేవదేటే? ఆ ముసిలోడి సెయ్యి మంచిది కాదా, నీ నోరు మంచిది కాదా?"

"రెండూను," అన్నాను.

"గాలేత్తే గుండె గొంతులోకొత్తందే నాకు," అంది వదిన. పులుసు బాగుంది. సగం తిని గిన్నె మూసేశాను.


జ్యేష్ఠ అమావాస్య

మా పిల్ల చనిపోయిన రోజు ఇది. పిల్ల పేరు లక్ష్మీతులసి. ఎప్పుడూ చేతిలో గవ్వలే కాబట్టి మేం గవ్వ అనేవాళ్లం.

ఆ ఏడు ఉప్పెన వచ్చినప్పుడు మడ లేని ఆ ఖాళీలోంచే నీళ్లు పేట మీదకి దూకాయి. అప్పన్న పడవ తాడు పట్టుకునే పోయాడు. గవ్వని నీళ్లు మా ఇంటి కప్పు మీంచి చక్రధరరావు పెద్దచెరువులోకి తోసేశాయి. కాకులు రొయ్యల్ని ఎత్తుకుపోకుండా ఆయన చెరువుల మీద వల కట్టించాడు. ఆ వల కింద ఎక్కడో ఉంది పిల్ల.

పెద్దచెరువు గట్టు ఒక్కటే తెగలేదు. గట్టు మీద జనం, తూము తలుపు ముందు ఈయన. నేను కాళ్లు పట్టుకున్నాను. "అయ్యగారూ, తూము తియ్యండి, నీళ్లు దిగితే నా బిడ్డ కనపడుద్ది" అన్నాను. ఆయన కేకలు వెయ్యలేదు, తిట్టలేదు. వాచీ చూసుకుంటూ, "తియ్యను. పంట పోతుంది" అన్నాడు.

మర్నాడు తీశాడు, రొయ్యలు పట్టుకున్నాక. గవ్వ వేళ్లు వల కన్నాల్లో ఇరుక్కుని ఉన్నాయి. నీళ్లు తాగి చచ్చిపోయిందో, వల కింద ఎంతసేపు బతికుందో నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ తర్వాత రాజ్యాలు మారాయి, పాత పట్నం మేడలు సగం నీళ్లలో మునిగాయి, రొయ్యలు ఇప్పుడు గాజు గోపురాల్లో పెరుగుతున్నాయి. తీరసభ వచ్చి నేలశిక్ష తెచ్చింది. ఈయన్ని ఈ మడకి వేశారని తెలిసి నేను కావలి కొలువు అడిగి తీసుకున్నాను. అడవి మీద ప్రేమ ఉందా అని అడిగితే ఉందన్నాను.

ఇవాళ ఆరు పిల్లకాలువల నోళ్లు మూశాను. ఈయన ఇక్కడే ముసలివాడై, ఇక్కడే ఉప్పులో ఎండి చావాలి.


ఆషాఢ పౌర్ణమి

సభ నుంచి హిమజ వచ్చింది. తనిఖీ అధికారి. చిన్నమ్మాయే గానీ బురదలో బూట్లు విప్పి దిగుతుంది, అందుకు ఇష్టం. ముక్కుల దగ్గర చాలాసేపు కూర్చుని లేచింది.

"నూకరత్నం గారూ, ఒక కబురు చెప్పాలి. మీకు నచ్చదు. కార్తీక పౌర్ణమికి ఈ నేల ఒప్పుకోకపోతే మొగలిపేట ఖాళీ చేయించాలని తీర్మానం అయింది. వెనక మడ లేకుండా ఇంకో గాలి కాలం ఇక్కడ మనుషుల్ని ఉంచలేం."

"ఎక్కడికి పంపుతారు?"

"కొండ మీది కాలనీకి."

కొండ కాలనీ నేను చూశాను. గదులు బాగానే ఉంటాయి. సముద్రం వాసన ఉండదు. బెస్తవాళ్లు అక్కడ కిటికీల దగ్గర కుర్చీలు వేసుకుని కూర్చుంటారు.

"ఇంకో సంగతి," అంది హిమజ. "విడుదలైతే ఆయన మళ్లీ ఈ నేల మీద కాలు పెట్టకూడదని మీరే సంతకం తీసుకోవాలి. రూలు తెలుసుగా."

తెలుసు. మొదట్లో ఎక్కడో ఒకడు విడుదలై, నేను పెంచిన అడవి నాదేనంటూ కలపవాడికి బేరం పెట్టాడు. అప్పటి నుంచి నేలకి ప్రాణం పోసినవాడికి ఆ నేల మీదకి రాక లేదు. ఆ రూలు గురించి ఎన్నడూ ఆలోచించలేదు నేను. ఇవాళ కూడా ఆలోచించలేదు. పేట గురించే ఆలోచించాను.

కబురు విని వదిన ఇంటి అరుగు మీద కూలబడింది. "నీ అన్న పోయింది సముద్రంలోనే గదే, ఆడి పేనం అక్కడే ఉంది. ఆణ్ణొగ్గేసి ఆ కొండెక్కి నేనేటి సెయ్యాలి?" అంది. నేను ఏం చెప్పను? నేల చచ్చిపోయి లేదు వదినా, నేనే దాని నోరు నొక్కి పట్టుకున్నాను అని చెప్పనా?


ఆషాఢ అమావాస్య

నోళ్లన్నీ తెరిచాను. ఒక్కొక్క మట్టిముద్ద తవ్వి తీస్తుంటే నా పళ్లు నేనే కొరుక్కున్నాను. ఈయన్ని విడిచిపెట్టడానికి ఈ చేతులతోనే దారి చేస్తున్నాను. తిల్లచెట్టు పక్క నుంచి పోతూ ఆగాను. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుంది. ఒక్క కొమ్మ విరిచి ఆయన మొహాన విదిలిస్తే చాలు. ఎన్నోసార్లు అనుకున్నాను. ఇవాళా అనుకుని వచ్చేశాను. గుడ్డివాడు ఎవర్ని చంపాడో మర్చిపోతాడు.

పోటుకి నీళ్లు వెనకదాకా పాకాయి. ఉప్పు కరుగుతున్న చప్పుడు వినిపించినట్టే ఉంది.


శ్రావణ బహుళంలో ఒక రోజు

చిత్రంగా ఉంది. నీళ్లు వస్తున్నాయి. గుచ్చిన కాయలు రెండేసి ఆకులు వేశాయి. బురద నల్లబడి మెత్తబడింది. కొంగలు కూడా వచ్చి నిలబడుతున్నాయి. పీత మాత్రం లేదు. కన్నాలు కనిపిస్తాయి, మర్నాటికి ఖాళీగా ఉంటాయి. కొంగలు తింటున్నాయా అంటే అంతంత పెద్దపీతల్ని కొంగ మింగలేదు.

వదిన రోజూ వచ్చి అడుగుతుంది. పేటలో కొందరు అప్పుడే వలలు చుట్టి కట్టలు కట్టేశారు.


భాద్రపద పౌర్ణమి

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున తూనీగని పైకి వదిలాను. అరచేతిలో పట్టే చిన్న యంత్రం, పైనుంచి మడంతా చూపిస్తుంది. వెనక మూల పిల్లకాలువ పక్కన చక్రధరం వంగి కనిపించాడు. చేతిలో కొక్కెం కర్ర, నడుముకి మూత బుట్ట. కన్నంలో కర్ర పెట్టి, పీతని లాగి, బుట్టలో వేసుకుంటున్నాడు. ఒకటి కాదు, వరసగా. బుట్ట నిండాక మడ పక్క ఏటిలో నడుముల్లోతు దిగి అవతలి ఒడ్డుకి వెళ్లాడు.

నేను పరిగెత్తాను. ఆయన తిరిగి వచ్చేసరికి ఇవతల నిలబడి ఉన్నాను. బుట్టలో ఇంకా రెండు మూడు మిగిలి గీకుతున్నాయి.

"తినడానికా?"

"అయ్యో, లేదండీ. ముట్టనండీ. అవతల వదిలేస్తున్నాను."

"ఎందుకు?"

"ఇక్కడుంటే ముక్కులు వింటాయి కదండీ."

నాకు అప్పటికీ అర్థం కాలేదు. విడుదల కావాలంటే పీత ఉండాలి, పీతని ఈయనే మోసుకెళ్లి పారబోస్తున్నాడు.

"నీకు ఇంటికి పోవాలని లేదా?"

"ఏ ఇంటికండీ? మేడ నీళ్లలో ఉంది. పిల్లలు తమ పేర్లలోంచి నా ఇంటిపేరు తీసేసుకున్నారు. ఏ ఊళ్లో దిగినా నా మొహం చూసి తలుపులేసుకుంటారు. ఈ చెట్లకి నేనెవరో తెలీదండీ. వీటి మధ్య ఉంటే నాక్కూడా గుర్తుండదు. రాత్రి పడుకుంటే నిద్ర పడుతోందండీ నాకు, ఆయ్. జీవితంలో ఎప్పుడూ పట్టని నిద్ర."

నిద్ర పడుతోందట. గవ్వ పోయాక నాకు పట్టని నిద్ర ఈయనకి నా మడలో పడుతోందట. అది వినడమే నాకు ఎక్కువ. అక్కడితో ఆగితే బాగుండేది, చేతులు జోడించాడు.

"మీ చలవేనండీ ఇదంతా. పిల్లకాలువల నోళ్లు మీరు మూస్తుండటం చూశాను. మొదటిసారి చూసిన రోజు మంచె మీద కూర్చుని ఏడ్చాను. నన్ను ఇక్కడే ఉంచెయ్యాలని మీరు అంత కష్టపడుతున్నారు కదా. ఇంత దయ నామీద ఎవరూ చూపించలేదండీ. మీరు మాత్రం ఎంతకని మూస్తారు? అందుకే పీతల పని నేను చూసుకున్నాను."

దయ.

ఎర్రటి ఎండలో బంకమట్టి తొక్కి తొక్కి నా మడమలు పగిలిపోయాయి. అదంతా ఈయన ప్రసాదంలా కళ్లకద్దుకుని తిన్నాడు. ఏళ్ల తరబడి నేను ఈయన గొంతు నొక్కుతున్నాననుకున్నాను. ఈయనకది జోకొట్టినట్టుంది. బుట్ట ఎత్తి నెత్తిన కొట్టబోయాను. లోపల పీతలు ఉన్నాయని గుర్తొచ్చి, వాటిని బురదలో వదిలి, అప్పుడు ఖాళీ బుట్టతో కొట్టాను. ఆయన దెబ్బలు కాచుకోలేదు. దానికీ నాకు మండింది.

ఇంటికొచ్చి అన్నం వండలేదు. చీకటి పడేదాకా అరుగు మీద కూర్చున్నాను. అప్పుడు హిమజ చెప్పిన రూలు గుర్తొచ్చింది. విడుదలైనవాడు మళ్లీ ఈ నేల మీద కాలు పెట్టకూడదు.

లేచి పొయ్యి వెలిగించాను. బాగా ఆకలేసింది.


ఆశ్వయుజ అమావాస్య

ఇంత హుషారుగా ఎప్పుడూ పని చెయ్యలేదు. బుట్టనీ కొక్కేన్నీ పొయ్యిలో పెట్టాను. చక్రధరాన్ని సముద్రం వైపు మంచెకి మార్చి, మధ్యలో తూనీగని కాపలా పెట్టాను. వెనక్కి అడుగేస్తే అది ఈల వేస్తుంది.

వదినకి పీతల సంగతి చెప్పాను. మట్టిముద్దల సంగతి చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందేమో. ఆవిడ చీర ఎగ్గట్టి, పేటలో ఆడవాళ్లందర్నీ పోగేసి ఏరు దాటింది. అవతల ఒడ్డంతా పీతలేనట. ఈయన మోసుకుపోయినవీ, వాటి పిల్లలూ, వాటి పిల్లలూ. గడ్డిపోచతో డెక్కలు కట్టి గంపలకెత్తి తెచ్చారు. కావలసినన్ని అక్కడా ఉంచారు.

"కాపురానికొచ్చిన కోడల్లాగ బెదురుతన్నాయే," అని నవ్వుతూ వదిన ఒక్కో పీతని కన్నం దగ్గర దింపింది. పాత పెద్దచెరువు ఉన్న చోటుకి వచ్చేసరికి నవ్వు ఆపేసింది. అక్కడ దింపవలసినవి నా చేతికి ఇచ్చి పక్కకి తప్పుకుంది. నేను ఒక్కొక్కటే దింపాను.


కార్తీక పౌర్ణమి

అమావాస్య పోటుకి నిలిచాయి. ఇవాళ్టి పోటుకీ నిలిచాయి. మధ్యాహ్నం పోటు తీశాక ముక్కుల తలలు ఒక్కొక్కటిగా పచ్చబడ్డాయి. సముద్రం వైపు నుంచి మొదలై వదిన ఇంటి వెనకదాకా వచ్చింది పచ్చదనం. పేటలో పళ్లాలు మోగించారు. కట్టలు కట్టిన వలలు విప్పి మళ్లీ ఆరేశారు.

చక్రధరం నా కాళ్ల మీద పడ్డాడు. "ముక్కులు తప్పు చెబుతున్నాయండీ. ఇంకో ఏడాది చూడమనండీ. నోళ్లు మీరు మూయక్కర్లేదు, నేనే మూస్తాను."

ఏ నోళ్లో అర్థం కాక హిమజ బిత్తరపోయి చూసింది. విడుదల కాగితం మీద వేలిముద్ర వెయ్యమంటే ఆయన పిడికిలి విప్పలేదు. నేనే ఒక్కొక్క వేలూ విప్పి వేయించాను. పోతూ పోతూ ఒక ఉప్పుపొన్న కాయ ఇమ్మన్నాడు, కుండీలో పెట్టుకుంటానని. ఆయన చూస్తుండగా ఆ కాయని తీసుకెళ్లి బురదలో గుచ్చాను.

"ఇడుదలైతే ఏడుత్తాడేటే?" అంది వదిన, పడవ కదిలాక. అప్పుడు అంతా చెప్పాను, మట్టిముద్దలతో సహా. వదిన తన ఇంటి వైపు తిరిగి చూసింది. ఆవిడ ఇంటి వెనక నేలని ఇన్నేళ్లు చంపిందాన్ని నేను.

"నీ పిల్ల కోసం నా గుమ్మాన్ని సముద్రానికొడ్డావన్నమాట," అంది. "సాల్లేవే రత్తం. ఇంక సాలు."

ఆవిడకి చాలిందేమో. నాకు చాలలేదు.


మార్గశిర అమావాస్య

పొద్దున పోటు మీద ఒక అద్దె పడవ వచ్చి హద్దు తాడు దగ్గర ఆగింది. నడికాలువ మొదట్లో అడ్డంగా కట్టిన తాడు అది. పడవలో చక్రధరరావు. తెల్లచొక్కా వేసుకున్నాడు. చిక్కిపోయాడు. కళ్ల కింద నలుపు చూడగానే నిద్ర పట్టడం లేదని తెలిసింది.

"కావలమ్మగారూ," అని పిలిచాడు. "దిగనండీ. కాలు పెట్టను. ఒక్కసారి తాడు తియ్యండి, పడవలోంచే చూసి వెళ్లిపోతాను. ఆ వెనక మొక్కలు ఎంత ఎత్తొచ్చాయో చూస్తాను. మీ కాళ్లు పట్టుకుంటాను."

తాడు ముడి నా చేతిలోనే ఉంది. చాలా తేలికైన ముడి. ఎన్నేళ్ల నుంచో నాలో ఉన్న మాట దానంతటదే వచ్చింది, ఆయన అన్నట్టే, అరవకుండా, తిట్టకుండా.

"తియ్యను. పంట పోతుంది."

ముందు అర్థం కాలేదు ఆయనకి. పడవవాడి వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత తెలిసింది. తాడు మీద ఉన్న చెయ్యి తీసేసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఏదో పేరు అడగబోయినట్టు నోరు తెరిచాడు. ఆ రోజు ఆయన పిల్ల పేరు కూడా అడగలేదు. ఇవాళ కూడా నేను చెప్పలేదు.

పడవ కనపడకుండా పోయేదాకా నిలబడ్డాను. మళ్లీ వచ్చే పోటుకి వస్తాడు. రానీ, నేను ఇక్కడే ఉంటాను.

పెద్దచెరువు చోట పీతలు బాగా తవ్వాయి. ముక్కులు తుడిచి, పిల్లకాలువల నోళ్లు చూసుకుని ఇంటికొచ్చి టీ పెట్టుకున్నాను. ఈసారి నిజంగానే చక్కెర ఎక్కువైంది. పారబొయ్యలేదు, తాగాను.